అతికిన రెక్కలు

మొన్న శుక్రవారం మా గదిలో ఉండే చిత్తూరు డ్రైవరు, నెత్తిన రెక్కలు తిరిగే చిన్న విమానం వీడియో ఒకటి చూపించి హెలికాప్టరేనా అని అడిగాడు. కాదు, ఆటోజైరో, దాని పై రెక్కలను ఇంజను తిప్పదు, ఎదురుగాలే తిప్పుతుందని చెప్పాను గానీ, ఆ పేరు నోట రాగానే నాకు అన్నం సయించలేదు.

సౌదీలోని ఈ ఖమీస్ ముషైత్‌లో నేను వెల్డరుగా చేరిన కొత్తల్లో మా కఫీల్‌కు, అంటే మమ్మల్ని పనికి రప్పించుకున్న యజమానికి, ఆ పిచ్చి పట్టింది. ఆటోజైరోను కనిపెట్టిన తొలినాటి వాళ్ళు చేసినట్టే తన షెడ్డులోనూ ఒకటి చేయించాలనుకున్నాడు. నాతోపాటే ఆ షెడ్డులో పనిచేసే, ఇంగ్లీషు వచ్చిన మా బావ, అంటే నా భార్యకు అన్న, పుస్తకంలో బొమ్మలు చూసి చెప్పేవాడు, నేను అతికేవాణ్ణి. అది లేచిన రోజున నన్ను సెలవు మీద ఇంటికి పంపుతానని కఫీల్ అందరి ముందూ మాట ఇచ్చాడు. నేను ఇక్కడికి వచ్చాక పుట్టిన నా కూతురు అప్పటికే నడుస్తోంది. దాని మొహం నేనింకా చూడలేదు.

రెక్కల మొదళ్ళలో తలుపులకు ఉన్నట్టు బందులు ఉండాలని బొమ్మలో ఉంది. వదులుగా ఉంటే ఊడిపోతాయి, గట్టిగా అతికెయ్యమని బావే చెప్పాడు. గట్టిగా అతకడమే మంచి పని అనుకునే వృత్తి మాది, కాదనలేదు. తొలినాటి వాళ్ళూ ఈ పొరపాటుతోనే బోర్లాపడ్డారని తర్వాత తెలిసింది. మనిషికి బదులు ఇసుక బస్తా కూర్చోబెట్టి, ఎండిన వాగులో పికప్పుతో లాగితే, గాలికి ఎదురొచ్చే రెక్క ఎక్కువగా, వెనక్కి పోయే రెక్క తక్కువగా లేచి, యంత్రం ఒక పక్కకు ఒరిగి రాళ్ళ మీద తునకలైంది. ఎవరి పని ఇదని కఫీల్ అరిస్తే, బావ నావైపు వేలు చూపించాడు.

గదికొచ్చి నిలదీస్తే పళ్ళికిలించాడు. "ఇద్దరం మునగాల్నా ఏంది? ఊరుకో అబ్బీ. పాప యాడికి పోతాదిలే!"

మళ్ళీ చేశాం. ఈసారి రెక్కలు పైకీ కిందికీ ఆడేలా బందులు పెట్టింది నేనే, ఆ ఆలోచన తనదని చెప్పుకున్నది బావ. అది తిన్నగా లేచింది. నా సెలవు సంగతి అడిగితే కఫీల్ తన విరిగిన హిందీలో నవ్వుతూ అన్నాడు: "తుమ్ గిరాయా, వో ఉడాయా." పడేసింది నేనట, ఎగరేసింది వాడట. నా సెలవు మీద బావ వెళ్ళాడు.

చాలా కాలానికి నేను ఇల్లు చేరితే, నా కూతురు బావ కాళ్ళ వెనక దాక్కుంది.

"మామా, ఈయన ఎవురు?"

"సౌదీ ఆయన లేమ్మా," అన్నాడు బావ. అందరూ నవ్వారు, నా భార్యతో సహా.

పోయిన ఏడు బావ పోయాడు. సెలవుండీ నేను వెళ్ళలేదు. కూతురు ఫోన్లో ఏడ్చి అడిగితే, పని ఉందని పెట్టేశాను.

ఇప్పటివాళ్ళకు సెలవు కాగితాలు ఫోన్లోనే వస్తాయి, పిల్లల మొదటి పన్ను కూడా ఫోన్లోనే కనిపిస్తుంది, మంచిదే. నా కూతురు మాత్రం, నేను సెలవుకెళ్ళి దాని ఇంటికి పోయినప్పుడల్లా, కొత్తవాళ్ళకు వేసినట్టు హాల్లో కుర్చీ తుడిచి వేసి, ఫ్యాను తిప్పి, నేను వెళ్ళేదాకా పక్కన నిలబడే ఉంటుంది.