నీలం నాలుకలు

మా ఆయన అక్కని అందరూ చుక్కల వదిన అంటారు. కోళ్ల షెడ్లకు వెళ్లి కోడిపిల్లల కళ్లలో కొక్కెర తెగులు రాకుండా టీకా చుక్కలు వేయడం ఆవిడ పని. ఆ మందులో నీలం రంగు కలుపుతారు. చుక్క కంట్లోంచి గొంతులోకి దిగితే నాలుక నీలమవుతుంది. వదిన పిల్ల ముక్కు తెరిచి నాలుక చూస్తే గానీ కింద వదలదు. ఆవిడ ముందు ఎవరూ నోరు మూసుకుని ఉండలేరని నేను ఏడిపించేదాన్ని.

అలాంటి వదిన టీకా వేశాక కూడా మా షెడ్డులో కొక్కెర తెగులు పడింది. మెడలు మెలితిరిగి కోళ్లు రాలిపోయాయి. మా ఆయన నోటికి అదుపెక్కడిది? "అక్క మందు సరిగ్గా వేసుండదు" అని నలుగురిలో అనేశాడు. మిగతా షెడ్ల వాళ్లు వదినని పిలవడం మానేశారు. ఆవిడ ఇల్లు గడిచేది ఆ పని మీదే. నాకు ఒళ్లు మండిపోయింది.

వదిన మాత్రం తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. "నాలుకలు నీలమయ్యాయి, నా కళ్లతో చూశాను. మరి లోపలికెళ్లిన మందు ఏమైనట్టు?" అని అదే ధ్యాస. చివరికి చచ్చిన కోడిని సంచిలో వేసుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరింది. మా ఆయన్ని లాక్కుని నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ కోడిని కోసి, తోక దగ్గరున్న గ్రంథి చూపించింది. "ఇది గోళీకాయంత ఉండాలి. శనగగింజంతే ఉంది."

"దాని పనేంటమ్మా?" వదిన బల్ల మీదికి వంగిపోయింది.

"టీకా ఒంటికి రోగాన్ని గుర్తుపట్టడం నేర్పుతుంది. నేర్చుకునే కణాలు తయారయ్యేది ఇక్కడే. ఇది పాడైతే ఎంత మంచి మందైనా సరిగ్గా పట్టదు. టీకాకి ముందు పిల్లలు నలతగా ఉన్నాయా?"

"ముడుచుకు కూర్చున్నాయి, నీళ్ల విరేచనాలయ్యాయి. తర్వాత వాటంతటవే తేరుకున్నాయి" అన్నాను.

"గంబోరో తెగులై ఉంటుంది. కోడి తేరుకున్నా గ్రంథి దెబ్బతింటుంది. ఆ క్రిమి షెడ్డు నేల మీద పరిచిన పాత పొట్టులో నెలల తరబడి బతుకుతుంది. పొట్టు మార్చారా?"

పాత పొట్టు వెచ్చగా ఉంటుందని, దాని మీదే కొత్తది పల్చగా పరవడం మా ఆయన తెలివి. ఆ మాట ఆయనే నెమ్మదిగా ఒప్పుకున్నాడు. తర్వాత పరీక్షలోనూ గంబోరో అనే తేలింది.

షెడ్డు కడిగి, సున్నం వేసి, కొన్నాళ్లు ఖాళీగా ఉంచి కొత్త పిల్లల్ని తెచ్చాం. టీకా రోజున మా ఆయన మొదటి పిల్లను పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. వదిన సీసా తియ్యలేదు. పొట్టు పక్కకి తోసి, కింద నేలని వేలితో గీకి చూసింది.

"అంతా కొత్త పొట్టే అక్కా. తప్పు నాదేనని అన్ని షెడ్ల వాళ్లకీ చెప్పాను. రేపట్నుంచి నిన్ను పిలుస్తామన్నారు."

"వాళ్లకి చెప్పావు సరే. నాకు చెప్పావా?"

మా ఆయన కోడిపిల్లని గుండెకి ఆనించుకున్నాడు.

"తప్పైపోయిందక్కా."

వదిన సీసా మూత తీసింది.