హరిరాం సార్ పాటల్లో డబ్బాలు

2023 ఎండాకాలం. మహబూబాబాద్ రైల్వే స్టేషన్ నుంచి మార్కెట్ వైపు పోయే దారిలో, ఒక చెప్పుల దుకాణం పక్కన, నాది పదడుగుల కంప్యూటర్ రిపేరు షాపు. జనగామ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి అప్పటికి పదహారేళ్ళు. ఆ పదహారేళ్ళలో ఎన్ని కంప్యూటర్లు విప్పి బిగించానో లెక్క లేదు, చాలావరకు గుర్తు కూడా లేవు. హరిరాం సార్‌ది మాత్రం మరిచిపోదామన్నా మరుపుకు రాదు. అందులో చెడిపోయింది యంత్రం కాదు, చెడగొట్టింది నేను.

అప్పట్లో నా షాపు గోడకు ఒక కాగితం అతికించి ఉండేది: "పాత విండోస్ వేయబడదు." విండోస్ అంటే కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్. దాన్నే ఆపరేటింగ్ సిస్టమ్ అంటాం. మిగతా ప్రోగ్రాములన్నీ దాని మీదే ఆధారపడి నడుస్తాయి. విండోస్ సెవెన్ అనే పాతదానికి వైరస్‌ల నుంచి రక్షణ ఇవ్వడం అప్పటికే ఆగిపోయింది. అయినా మా దగ్గర చాలామంది దాన్నే పట్టుకుని వేలాడేవారు. ఒక ఎరువుల దుకాణం కంప్యూటర్‌కు వైరస్ పట్టి ఫైళ్ళన్నీ తెరుచుకోకుండా పోయినప్పటి నుంచి నేను ఈ విషయంలో మొండివాణ్ణి అయ్యాను. పాతదే కావాలని వచ్చినవాళ్ళకు నాలుగు మాటలు వెటకారంగా కూడా చెప్పేవాణ్ణి. కేసముద్రంలో పెళ్ళి పత్రికలు అచ్చువేసే ఉపేందర్ అయితే నా నోటికి బాగా దొరికేవాడు. అతని దుకాణంలో ఎప్పటిదో సెవెన్ కంప్యూటరే. ఎన్నిసార్లు ఆటపట్టించినా, "నడిచే ఎద్దును పొడుసుడు ఎందుకన్నా" అని నవ్వి ఊరుకునేవాడు.

ఒక సోమవారం పొద్దున హరిరాం సార్ వచ్చారు. కేసముద్రం అవతల ఒక తండా ఆయనది. సర్కారు బడిలో పంతులుగా చేసి రిటైరయ్యారు. షుగరు వల్ల చూపు మందగించి, సోడాబుడ్డి అద్దాలు పెట్టుకునేవారు. వెంట ఆయన భార్య కేస్లీబాయి. కంప్యూటర్‌ను పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

"తమ్మీ, పెన్షన్ సైటు తెరుచుకుంటలేదు," అన్నారు సార్. "పిల్లలేమో కొత్త విండోస్ ఏయించుకోమంటున్రు. నాకేమో పాతదే ఉంచుకోవాలనిపిస్తది. నువ్వేమంటవ్?"

"అనుడు ఏముంది సార్. కొత్తదే."

"అండ్ల నా పాటలున్నయి. తెలుగు టైపింగుల నేను జర మార్పులు చేసుకున్న. మా మాటకు తక్కువ పడ్డ అక్షరాలు ఒక మూడు గీసుకున్న."

నేను అక్కడ ఆగి అడగాలి. ఏ అక్షరాలు, ఎట్లా గీశారు, ఎక్కడ దాచారు అని. పది నిమిషాల పని. కానీ బల్ల ముందు ఇద్దరు లాప్‌టాప్‌లు పట్టుకుని నిలబడి ఉన్నారు. పైగా ఒక రిటైర్డ్ పంతులు టైపింగ్‌లో ఏం పెద్ద మార్పు చేసి ఉంటాడులే అన్న చిన్నచూపు నాలో ఉంది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఉన్న మాట అది.

"పాత టైపింగ్ కొత్త విండోస్‌ల నడవదు సార్. ఫైళ్ళన్ని నేనే కొత్త అక్షరాలల్లకు మార్చిస్త."

"పాటలు పోవు గద?"

"నాది పూచీ."

ఈ మార్చడం అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. పాత తెలుగు టైపింగ్‌లో కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లీషు గుర్తులనే. ఫాంట్ అనే ముసుగు వేసి వాటిని తెలుగు ఆకారాల్లో చూపిస్తుంది. ఇప్పటి పద్ధతి యూనికోడ్. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది, ఏ కంప్యూటర్‌లో తెరిచినా అదే అక్షరం కనబడుతుంది. పాతదాన్ని కొత్తదానిలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌ను కన్వర్టర్ అంటాం.

సార్ ఫైళ్ళు అరవై మూడు. అన్నిటినీ ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ తీశాను. దాన్ని బ్యాకప్ అంటాం. తర్వాత పాత విండోస్ మొత్తం తుడిచి, విండోస్ టెన్ వేసి, ఫైళ్ళన్నీ ఒక్క దెబ్బకు కన్వర్టర్‌లో పోశాను. మొదటి ఫైలు తెరిచి చూస్తే ముత్యాల్లాంటి తెలుగు. అది సార్ తన పుస్తకానికి తెలుగులో రాసుకున్న ముందుమాట అని నాకు తెలియదు. రెండో ఫైలు తెరిచినా విషయం బయటపడేది. తెరవలేదు. కంప్యూటర్ అప్పజెప్పాను. వారం దాటాక బ్యాకప్ తుడిచేయడం నా షాపు అలవాటు, తర్వాత వచ్చేవాళ్ళ ఫైళ్ళకు చోటు కావాలి గదా. ఎనిమిదో రోజు తుడిచేసి, అదే డిస్క్‌లో ఎవరివో పెళ్ళి వీడియోలు నింపాను.

పన్నెండో రోజు ఇద్దరూ మళ్ళీ వచ్చారు. సార్ మొహంలో కోపం లేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

"నా కండ్లే సరిగ కనపడక గట్లున్నదేమో అనుకున్న తమ్మీ. మా మనుమరాలితోని చదివిచ్చిన. తాతా, నడుమ నడుమ డబ్బాలున్నయి అన్నది."

ఫైలు తెరిచాను. తెలుగు అక్షరాలే, కానీ ఏ వరుస చూసినా మధ్యమధ్యన ఖాళీ డబ్బాలు. కన్వర్టర్‌కు లోకంలోని తెలుగు అక్షరాలన్నీ తెలుసు. సార్ చేత్తో గీసుకున్న మూడూ తెలియవు. తెలియనిచోటల్లా ఒకే రకం డబ్బా పెట్టుకుంటూ పోయింది. ఇక ఏ డబ్బా కింద ఏ అక్షరం ఉండేదో చెప్పే ఆనవాలు లేదు. వెతికి లెక్కపెడితే అన్ని పాటల్లో కలిపి రెండు వేల పైనే తేలాయి.

"కాపీ తీసినవు గద," అన్నారు సార్.

"తీసిన సార్. మొన్ననే తుడిచేసిన."

కేస్లీబాయి ఆయన వైపు చూసి తమ భాషలో ఏదో అడిగింది. ఆయన ఒక్క ముక్కలో జవాబు చెప్పారు. ఆమె అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. రెండు రోజులు షాపు మూసి, పోయిన ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్‌లన్నీ తిప్పాను. పేర్లు దొరికాయి. లోపల ఉన్నదంతా పెళ్ళి వీడియోల ముక్కలే.

మూడో రోజు షాపు తెరిచాక ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఆ పాటలు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. లంబాడీల ఇంటి భాషకు లిపి లేదు. పెళ్ళయి వెళ్ళిపోయే పిల్ల అమ్మనూ నాయిననూ అన్నదమ్ములనూ ఒక్కొక్కరినే మెడ పట్టుకుని, పాటగా ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటారు. పెళ్ళికి ముందు పెద్ద ఆడవాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. సార్ వాళ్ళ యాడికి, అంటే అమ్మకు, అవి లెక్కలేనన్ని వచ్చు. ఆమె పాడుతుంటే ఎదురుగా కూర్చుని సార్ నేరుగా టైపు చేసుకున్నారు, ఏళ్ళ తరబడి. తెలుగు అక్షరాలకు చిక్కని చప్పుళ్ళు మూడు ఆమె నోట వినబడేవి. వాటిని వదిలేస్తే మాట తమది కాకుండా పోతుందని మూడు అక్షరాలు తనే గీసుకున్నారు. ఆమె పోయి రెండేళ్ళయింది.

"మా అత్త పోయినంక గవి పాడేటోళ్ళు లేరు బిడ్డా," అంది కేస్లీబాయి. "ఇప్పుడు పెండ్లిండ్లల్ల డీజేలే."

నాకు ఏడుపొచ్చింది. షాపులో కస్టమర్ల ముందు ఏడ్చింది అదొక్కసారే.

సార్ కొంచెంసేపు ఆలోచించి, ఎప్పుడో చిన్న పుస్తకం వేయిద్దామని కొన్ని పాటలు కేసముద్రంలో ఒక ప్రెస్సుకు ఇచ్చానని చెప్పారు. డబ్బులు సరిపోక ఆ పని ఆగిపోయిందట. ఆ ప్రెస్సు ఉపేందర్‌దే. మర్నాడు రైలెక్కి పోయాను. విషయం చెప్పి తల దించుకుని నిలబడ్డాను. అతను తన పాత సెవెన్ కంప్యూటర్ తెరిచి, ఒక మూల నుంచి ఫోల్డర్ బయటికి తీశాడు. ఇరవై ఒక్క పాటలు. మూడు అక్షరాలూ నిక్షేపంగా ఉన్నాయి, వాటి ఫాంట్‌తో సహా.

"పాతదని తీసేసి ఉంటే గివి గూడ పోతుండె అన్నా," అన్నాడు, అంతే. ఎత్తిపొడుపు ఏమీ లేదు. నన్ను నాలుగు తిట్టి ఉంటే నా మనసు తేలికపడేది.

ముందుమాట పోను మిగిలినవి నలభై ఒక్క పాటలు. సార్‌కు తెర మీది అక్షరాలు కనబడవు. కేస్లీబాయికి చదువు రాదు. మనుమరాలు హాస్టల్‌కు తిరిగి వెళ్ళిపోయింది. ఇక మిగిలింది నేను. ఆదివారం ఆదివారం తండాకు పోయి కూర్చునేవాణ్ణి. నేను వరుస చదివేవాణ్ణి. డబ్బా దగ్గర ఆగేవాణ్ణి. సార్ ఆ మాటను నోట్లో తిప్పుకుని "ఒకటి" అనో "మూడు" అనో చెప్పేవారు. అంటే ఆయన గీసుకున్న మొదటి అక్షరం, మూడో అక్షరం అని. నేను ఉపేందర్ ఇచ్చిన ఫాంట్‌లోంచి ఆ అక్షరం పెట్టి, మాట మొత్తం మళ్ళీ పలకాలి. సరిగ్గా పలికేదాకా ఆయన వదిలేవారు కాదు. బడి పంతులు గదా.

పదహారేళ్ళుగా నా షాపుకు వచ్చేవాళ్ళలో చాలామంది తండాలవాళ్ళు. వాళ్ళ భాషలో ఒక్క మాట నేర్చుకుందామని నాకు ఎన్నడూ తోచలేదు. ఇప్పుడు అదే భాష ఆడపిల్ల ఏడుపు పాటలుగా నా మొద్దు నాలుక మీద నడుస్తోంది. కేస్లీబాయి నా ఉచ్చారణకు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మూడో ఆదివారం అనుకుంటా, నేను ఒక పాట మొదటి వరుస చదివి డబ్బా దగ్గర ఆగాను. సార్ నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. చేతిలో చాట పక్కన పెట్టి, ఆ వరుసను పాడింది. రెండో వరుస కూడా పాడింది. నేను తెర మీద చూస్తున్నాను. ఒక్క మాట తప్పు పోలేదు.

"గిది మా యాడి గూడ పాడేది," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నా పెండ్లికి నేను గిదే పాడిన."

సార్ ఆమె వైపు తిరిగారు. "ఇన్నేండ్లు యాడిని అడిగిన గని, దీన్ని ఒక్కనాడు అడగకపోతి," అన్నారు నాతో. ఆ తర్వాత పని చురుగ్గా సాగింది. తొమ్మిది ఆదివారాలు పట్టింది.

చివరికి ఒక్క పాట దగ్గర చిక్కుకుపోయాం. సార్ వాళ్ళ యాడి పోయే ముందు ఆఖరున పాడిన పాట అది. అందులోని కొన్ని మాటలకు అర్థం సార్‌కూ తెలియదు, కేస్లీబాయికీ తెలియదు. మాట తెలిస్తేనే గదా అందులోని చప్పుడు తెలిసేది. పక్క తండాల్లోని ఇద్దరు ముసలమ్మలకు వినిపించాం. ఒకామె తల అడ్డంగా ఊపింది. ఇంకొకామె, చిన్నప్పుడు విన్నట్టే ఉంది గానీ నోటికి వస్తలేదు అంది. పదకొండు డబ్బాలు అట్లాగే మిగిలాయి.

"సార్, ఉన్నయే మూడు అక్షరాలు. ఏది కుదిరితే అది పెడదాం. ఎవలికి తెలుస్తది?" అన్నాను. నా తప్పును ఎట్లాగైనా పూడ్చేయాలన్న ఆత్రం నాది.

"ఎవలికి తెల్వదు గనుకనే పెట్టొద్దు," అన్నారు సార్. "పాడింది మా యాడి. ఆమె అనని మాట ఆమె నోట్ల పెడుదామా?" కొంచెం ఆగి, "ఉండనియ్యి తమ్మీ. పోయిన జాగ కనపడాలె. తప్పు నీ ఒక్కనిదే అనుకోకు. టైపు చేసిన్నాడే గీ మాటకు అర్థమేందని నేను అడగాలె. అడగలే," అన్నారు.

ఉపేందర్ ఆ పుస్తకం అచ్చువేశాడు, ఆ పదకొండు డబ్బాలతో సహా. అప్పటికి సార్‌కు చూపు పూర్తిగా పోయింది. పుస్తకం చేతికిస్తే ఆ పేజీ ఏదో అడిగి, దాని మీద అరచెయ్యి పెట్టి ఉంచారు.

సార్ కంప్యూటర్‌లో ఇప్పుడు రెండు విండోస్‌లూ ఉన్నాయి. దీన్ని డ్యూయల్ బూట్ అంటాం. మీట నొక్కగానే ఏది కావాలని అడుగుతుంది. పెన్షన్ పనులకు కొత్తది. పాటలకు పాతది, దానికి ఇంటర్నెట్ తగలనివ్వను. తెరిచేది కేస్లీబాయే. "కింది బాణం ఒక్కసారి నొక్కితె మా అత్త వస్తది," అని చెబుతుంది అందరికీ.

గోడ మీది కాగితం ఎప్పుడో పీకేశాను. ఇప్పుడు టెన్‌కు కూడా కాలం తీరింది. ఉంచుకోవాలా, పదకొండో విండోస్ వేయించుకోవాలా అని రోజూ ఎవరో ఒకరు వస్తారు. జవాబు చెప్పే ముందు, "ఇండ్ల మీ చేతితోని చేసుకున్నదేమన్న ఉన్నదా?" అని అడుగుతాను. చాలామంది తెల్లమొహం వేస్తారు. అయినా అడుగుతాను, వాళ్ళు చెప్పేదాకా స్క్రూడ్రైవర్ పట్టను. మనిషి తిరిగి వచ్చి, తన ఫైళ్ళు తానే తెరిచి చూసుకుని సరే అనేదాకా బ్యాకప్ తుడవను.

సార్ పుస్తకం నా బల్ల మీదే ఉంటుంది. గిరాకీ లేనప్పుడు ఆ ఆఖరి పాట తీసి చదువుకుంటాను, సార్ నేర్పినట్టే బయటికి పలుకుతూ. అది నాకిప్పుడు చూడకుండానే వస్తుంది. పదకొండు చోట్ల ఆగుతాను.