గంటలోపు తిరుగు పరుగు

వెనక టైరు నా లిస్టులో పదిహేడో అంశం. మొత్తం ఇరవై మూడు. 2012 ఎండాకాలంలో, అశోక్‌నగర్ హాస్టల్లో, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, రూళ్ల కాగితం మీద వాటిని నేనే రాశాను. ఒక్కో అంశం పక్కన ఒక చిన్న గడి గీశాను. చూసి, బాగుంటే గడిలో టిక్కు పెట్టాలి. అన్ని గడుల్లో టిక్కులు పడేదాకా బండి కదలకూడదు. ఆ షరతు కూడా నాదే.

బండి నా రూమ్మేటుది. అతనిది నల్లగొండ వైపు, నాది కరీంనగర్ వైపు. ఇద్దరం సర్కారు ఉద్యోగం కోసం చదువుతున్నాం. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చేసి వచ్చాను, అతను బీఎస్సీ. ఆ బండి వాళ్ల మేనమామ వాడి వాడి పక్కన పడేసిన మూడు వందల యాభై సీసీ టూ-స్ట్రోక్ మోటార్‌సైకిల్. దాన్ని ఊరినుంచి నగరానికి తెచ్చి, రెండేళ్ల పాటు ఆదివారాలన్నీ నారాయణగూడ సందులోని ఒక షెడ్డులో విప్పి బిగించాడు. షెడ్డు యజమానిని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. అరవై దాటిన మనిషి. ఇంజన్ల మోతకు చెవులు సగం పోయాయి. ఏదైనా చెప్పాలంటే కుడివైపు నిలబడి చెప్పాలి.

ఆ షెడ్డు రేకు తలుపు లోపలివైపు తెల్ల పెయింటుతో కొన్ని పేర్లు, వాటి పక్కన అంకెలు ఉండేవి. ఉస్తాద్ దగ్గర బండ్లు తయారుచేసుకున్నవాళ్లు ఊరి బయట ఖాళీ రోడ్ల మీద అందుకున్న వేగాలు అవి, గంటకు కిలోమీటర్లలో. అన్నిటికంటే పైన 131. రాసి ఇరవై ఏళ్లయిందట. నా రూమ్మేటుకు దాన్ని దాటాలని ఉండేది. ప్రిలిమ్స్ రెండుసార్లు పోయింది, రెండోసారి ఒక్క మార్కుతో. కటాఫ్ ఎవరో పెడతారు, ఎవరో మారుస్తారు, తలుపు మీద అంకెను మాత్రం ఎవరూ మార్చరు అని ఒకసారి అన్నాడు. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

నేను ఇందులోకి చిక్కడపల్లి లైబ్రరీ ద్వారా వచ్చాను. అక్కడి రీడింగ్ హాల్లో అందరూ పాలిటీ, ఎకానమీ పుస్తకాలే తెరుస్తారు. నాకు ఒక మూల అట్ట చిరిగిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నేల మీద అత్యంత వేగంగా కారు నడిపిన రికార్డు కోసం తొలి రోజుల్లో పోటీపడ్డవాళ్ల చరిత్ర అది. సముద్రం వెనక్కి తగ్గాక గట్టిపడిన ఇసుక మీద, తర్వాత ఉప్పు నేలల మీద, విమానాల ఇంజన్లు బిగించిన కార్లతో పరుగులు తీశారు. నేను నోట్సు రాసుకున్నాను. వాళ్లు ఎలా చనిపోయారన్నది ఒక పేజీ. గొలుసు తెగి. టైరు పగిలి. ఇసుకలో చక్రం కూరుకుపోయి. గాలి ఒక పక్కకు నెట్టి. ఇంకో పేజీలో వాళ్ల నియమాలు. ఒక వైపు పరుగు లెక్కలోకి రాదు. గాలి సాయం చేసి ఉండవచ్చు, నేల వాలుగా ఉండవచ్చు. గంటలోపు అదే దారిలో ఎదురు దిశలో మళ్లీ పరుగెత్తాలి. రెండింటి సగటే రికార్డు. ఆ గంటలో వాళ్లు చక్రాలన్నీ మార్చేసుకునేవాళ్లు, ఎందుకంటే ఆ రోజుల్లో టైరు రెండో పరుగుకు ఆగుతుందని ఎవరికీ నమ్మకం లేదు.

ఈ నియమాన్ని షెడ్డులో చెప్పింది నేనే. తలుపు మీదవన్నీ ఒక వైపు పరుగులే, మనది మాత్రం రెండు వైపులా ఉండాలి అన్నాను. రూమ్మేటుకు వెంటనే నచ్చింది. ఉస్తాద్ ప్లగ్గు తుడుస్తూ అన్నాడు.

"రెండు దిక్కులంటే ఖతరా గూడ రెండింతలు బేటా."

టైరు ఆలోచన కూడా ఆ పుస్తకంలోదే. మందమైన రబ్బరు ఉంటే వేగానికి ఊడి ఎగిరిపోతుందని వాళ్లు పై పొరను కాగితమంత పలుచగా ఉంచేవాళ్లట. మా బండి సైజుకు కొత్త టైరు వెంటనే దొరకలేదు. రీట్రెడ్ చేసేవాడి దగ్గరికి వెళ్లి, అరిగిన పాత టైరు మీద నున్నటి పలుచని పట్టీ అతికించమన్నాం. వాళ్ల టైర్లు అచ్చులో ఒక్కటిగా పోసినవి, మాది అతికించింది. ఆ తేడా నాకు తెలుసు. అందుకే అది లిస్టులో పదిహేడో అంశమైంది: సుత్తి పిడితో టైరు చుట్టూ బెత్తెడుకు ఒకచోట కొట్టి వినాలి. పట్టీ గట్టిగా పట్టుకుని ఉంటే ‘టక్’మంటుంది. లోపల విడిపోయి ఉంటే డొల్ల మోత వస్తుంది. నూట ముప్పయి దాటిన వేగంలో ప్రతి గ్రాము రబ్బరూ దాదాపు అర కిలో బలంతో బయటికి లాగుతుందని లెక్క కూడా కట్టి పెట్టుకున్నాను.

ఊరి బయట రింగు రోడ్డులో ఒక ముక్క పూర్తయింది కానీ ఇంకా తెరవలేదు. అక్కడి వాచ్‌మన్ ఉస్తాద్‌కు తెలిసినవాడు. ఒక ఆదివారం ట్రాలీ ఆటోలో బండిని ఎక్కించుకుని వెళ్లి తెల్లవారేసరికి అక్కడ ఉన్నాం. టేపుతో ఐదు వందల మీటర్లు కొలిచి రెండు చివరలా సున్నంతో గీతలు గీశాం. మొదటి గీత దగ్గర ఉస్తాద్ ఎర్ర గుడ్డతో నిలబడాలి. బండి దాటగానే గుడ్డ దించితే, రెండో గీత దగ్గర నేను స్టాప్‌వాచ్ నొక్కాలి.

లిస్టు తీసి మొదలుపెట్టాను. పదహారు దాకా సాఫీగా సాగింది. పదిహేడు దగ్గర టైరును సగం చుట్టూ కొట్టి విన్నాను, అంతా టక్ టక్‌మంది. అప్పుడే పక్క సర్వీసు రోడ్డు మీద కంకర టిప్పర్లు వరుసగా రావడం మొదలైంది. ఏమీ వినిపించడం లేదు. వెనకనుంచి గాలి లేస్తోందని, త్వరగా కానివ్వమని రూమ్మేటు రెండుసార్లు పిలిచాడు.

అప్పుడు నేను చేసిన పనిని అశోక్‌నగర్ వీధుల్లో పోటీ పరీక్షలకు చదివినవాళ్లే చేస్తారు. పరీక్షలో తేలని ప్రశ్న వస్తే దాని నంబరు చుట్టూ సున్నా చుట్టి ముందుకు పోవాలి, తేలికైనవి ముగించి చివర్లో తిరిగి రావాలి. సమయం అయిపోతే ఏదో ఒక గడి నింపేయాలి, మైనస్ మార్కులు లేవు కాబట్టి ఖాళీ వదలకూడదు. మూడేళ్లుగా రోజూ చేసిన అభ్యాసం. పదిహేడు చుట్టూ సున్నా చుట్టాను. ఇరవై మూడు దాకా పోయాను. తిరిగి వచ్చేసరికి టిప్పర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి, రూమ్మేటు హెల్మెట్ పెట్టుకున్నాడు. సగం టైరు బాగుంది కాబట్టి మిగతా సగమూ బాగుండే అవకాశం ఎక్కువ. టిక్కు పెట్టాను.

మొదటి పరుగు ఆరు ఇరవై రెండుకు ముగిసింది. పదమూడు పాయింట్ రెండు సెకన్లు. నూట ముప్పయి ఆరు. నా వేలి పొరపాటు రెండు మూడు కిలోమీటర్లు ఉన్నా 131 దాటినట్టే. రూమ్మేటు చాలా దూరం పోయి ఆగి, మెల్లగా తిరిగొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది, కానీ నవ్వుతున్నాడు. ఉస్తాద్ నడుచుకుంటూ వచ్చి, అతని వీపు తట్టి, ప్లగ్గులు మార్చడానికి కూర్చున్నాడు. ఇంజను చల్లారాలి. ఏడు ఇరవై రెండులోపు తిరుగు పరుగు.

సగటు రాసుకుందామని లిస్టు కాగితం తీశాను. పదిహేడు చుట్టూ సున్నా, పక్కన టిక్కు. ఇప్పుడు ఎదురుగాలి, అంటే ఇంజను మీద ఇంకా బరువు. టైరు ఒకసారి వేడెక్కి ఉంది. వేడికి జిగురు మెత్తబడుతుంది. మార్చడానికి మా దగ్గర రెండో చక్రం లేదు. పుస్తకంలో వాళ్లు ప్రతిసారీ మార్చుకున్నదాన్ని మేము తలచుకోనైనా లేదు.

చెప్పకుండా ఉండటానికి నా దగ్గర మూడు కారణాలు ఉన్నాయి. మొదటి పరుగు బాగానే అయింది. చెబితే అతని రెండేళ్లు పోతాయి. చెబితే నా లిస్టు అబద్ధమని తేలుతుంది. చెప్పడానికి ఒక్కటే కారణం, అది అక్కడ కూర్చుని బిస్కెట్లు తింటోంది. నా వైపు చూసి నవ్వింది కూడా.

"ఏందిరా, రిజల్ట్ కోసం చూస్తున్నట్టు గట్ల కూసున్నవ్?" అన్నాడు రూమ్మేటు.

ఏడు దాటి ఒక నిమిషానికి నోరు తెరిచాను.

"పదిహేడోది నేను చూడలే."

"ఏంది?"

"వెనక టైరు. సగమే కొట్టి చూసిన. మిగిలింది చూడకుండనే టిక్కు పెట్టిన."

అతను తేలిగ్గా నవ్వాడు. "అయితే ఏమైంది? పోయొచ్చింది గద. నీ టిక్కు కరెక్టే అన్నట్టు."

నేను ఉస్తాద్ కుడిచెవి దగ్గరకు పోయి మళ్లీ చెప్పాను. ఆయన ఇప్పుడు కొట్టి చూడమన్నాడు. టిప్పర్లు ఆగిపోయాయి. చక్రం తిప్పుతూ ఒక్కోచోట కొట్టాను. టక్. టక్. వాల్వు దగ్గర, జానెడు మేర, శబ్దం కొంచెం మారింది. వాల్వు ఉన్నచోట మామూలుగానే మారుతుందేమో. వేడికి మారిందేమో. రూమ్మేటు వంగి విని అంతా ఒక్కతీరుగానే ఉందన్నాడు. నేను కాదన్నాను. ఉస్తాద్ చెవి టైరుకు ఆనించి, లేచి, తల అడ్డంగా ఊపాడు. టైరు బాగాలేదని కాదు, తనకు వినబడదని.

ఏడు పది. రూమ్మేటు హెల్మెట్ అందుకున్నాడు. ఎదురుగాలికి ఒక నాలుగైదు తగ్గినా సగటు దాటుతుందని, లెక్క నువ్వే చెప్పావు కదా అని అన్నాడు. లెక్క నిజమే. బండి మీద ఎక్కి కిక్కు కోసం కాలు ఎత్తాడు. నేను వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, వాల్వు మూత తీసి, దాని కొనతోనే లోపలి పిన్ను విప్పేశాను. గాలి ఒక్కసారిగా బుస్సుమంది. పిన్ను రోడ్డు పక్క తుప్పల్లోకి విసిరేశాను. బండి వెనకభాగం మెల్లగా కిందికి దిగింది.

అతను స్టాండు కూడా వేయకుండా దిగాడు. బండి ఉస్తాద్ చేతుల్లో పడింది. రూమ్మేటు నా కాలర్ రెండు చేతులా పట్టుకున్నాడు.

"నీకేం పోయింది రా? ఆ తలుపు మీద నీ పేరుండదు గద."

"వదులు" అన్నాడు ఉస్తాద్. రూమ్మేటు వదిలాడు.

తిరిగి వచ్చేటప్పుడు రూమ్మేటు ముందు డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. ఉస్తాద్, నేను వెనక బండి పట్టుకుని కూర్చున్నాం. నల్లకుంట కూరగాయల మార్కెట్ దగ్గర ఆటో చాలాసేపు ఆగింది. షెడ్డుకు చేరగానే ఉస్తాద్ టైరు విప్పి, కత్తితో అడ్డంగా నాలుగు చోట్ల కోశాడు. మొదటి కోత వాల్వు దగ్గరే, శబ్దం మారిందని నేను చెప్పిన చోట. పట్టీని స్క్రూడ్రైవర్‌తో లేపబోతే రాలేదు. మిగతా మూడు చోట్లా రాలేదు. రబ్బరు చిరిగింది కానీ అతుకు విడలేదు.

కోసిన చోట నేనూ గోరుతో లేపి చూశాను.

"మంచిగనే ఉండె" అన్నాడు రూమ్మేటు, నన్ను చూడకుండా.

"మంచిగుండెనని ఇప్పుడు తెలిసింది బేటా" అన్నాడు ఉస్తాద్. "ఏడు గంటలకు ఎవలకు తెలుసు?"

రూమ్మేటు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఉస్తాద్ తలుపు మీద ఏమీ రాయలేదు. రాయమని నేను అడగలేదు.

తొమ్మిది రోజులు మా మధ్య మాటల్లేవు. రెండు మంచాల మధ్య మోకాలు పట్టేంత సందున్న గది అది. అతను లేచే వేళకు నేను లైబ్రరీకి పోయేవాణ్ణి, నేను వచ్చే వేళకు అతను గోడవైపు తిరిగి ఉండేవాడు. టైరు బాగుందన్న సంగతి నన్ను వదల్లేదు. నేను సరిగ్గా చేశానా లేదా అని రెండు నిలువు వరుసలు గీసి కారణాలు రాశాను. సరిగ్గా చేశానన్న ఎడమ వరుసే పొడుగైంది. పొడుగును బట్టి తేల్చే విషయం కాదు కాబట్టి చించేశాను.

పదో రోజు సాయంత్రం చిక్కడపల్లి కర్రీ పాయింట్ ముందు పప్పు ప్యాకెట్ కోసం వరుసలో నిలబడ్డాను. అతను వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఒకటి అడుగుత" అన్నాడు. "నువ్వు చెప్పకుండ ఉండి, నేను తిరుగు పరుగుల వస్తుంటే, నువ్వు ఏం చూస్తుంటివి?"

ఆలోచించాల్సిన అవసరం లేదు. ఆ పుస్తకంలో కూడా గీత దగ్గర నిలబడ్డవాళ్లు అదే చూసి ఉంటారు.

"వాచ్ చూస్తుంటి" అన్నాను. "గీత దాటేదాక భయానికి నీ దిక్కు చూడకపోతుంటి."

అతను తల ఊపాడు. వరుస కదిలింది. ఇద్దరికీ కలిపి పప్పు, ఒక కూర తీసుకుని అతనే సంచిలో వేసుకున్నాడు. రోడ్డు దాటుతూ, కంపెనీ టైరుకు ఆర్డర్ పెట్టిన, నెల పడతదట అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు.

"పదిహేడోది ఇగ నేనే చూసుకుంట. మిగిలినయి నువ్వు చూడు."

నెల కాదు, మూడు నెలలు పట్టింది. టైరు వచ్చేసరికి ఆ రోడ్డు తెరిచారు, ఇక అక్కడ పరుగు కుదరదు. చూద్దామని ఇద్దరం ఒక ఆదివారం వెళ్లాం. మేము గీసిన సున్నం గీతలు ఎక్కడున్నాయో తెలియలేదు. లారీలు, కార్లు రెండు వైపులా పోతున్నాయి.