నూట ఎనభై నంబరు రోబో

మా బావ, అంటే నా భార్య అన్న, అక్కుపల్లిలో సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషి. నా పెళ్లైన కొత్తలో నాతో ముక్తసరిగా మాట్లాడేవాడు. పలాసలో జీడిపప్పు గ్రేడింగు చేసుకునే నేను ఆయన కంటికి నీడపట్టున కూర్చునేవాణ్ణి. మా ఇద్దరికీ మాట కలిపింది స్టేషను రోడ్డులోని వీడియో గేముల షాపు.

అక్కడ ఒక రోబో ఆట ఉండేది. మేడంత ఇనుప మనిషి అడుగు వేస్తే తెర మీద ఊరంతా అదిరేది. ఎదుటి రోబోకి, ఒక దెబ్బ కొట్టాక మళ్లీ చెయ్యెత్తడానికి చాలాసేపు పట్టేది. ఆ సందు ఎంతో నేను మనసులో అంకెలు లెక్కపెట్టి పట్టేశాను. నేను "ఇప్పుడు" అనగానే బావ బటన్ నొక్కేవాడు. కెరటానికీ కెరటానికీ మధ్య సందు చూసి తెప్ప తోసే మనిషికి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

"నీ లెక్క గట్టిది బావా," అన్నాడొక రోజు. లెక్కలు నాకు నేనుగా నేర్చుకున్నవాణ్ణి. అంతకుముందు ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

ఆ ఆటకి రెండో భాగం వస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ ఆయన్ని ఊరించాను. "మొదటిదానికి రెండింతలుంటాది, రాసిత్తాను," అన్నాను. షాపులో అది పెట్టిన రోజు ఆయన వేట మానుకుని బస్సెక్కి వచ్చాడు. నా లెక్క చూపిద్దామని తన తెప్ప మీది మనుషులిద్దర్ని కూడా తెచ్చాడు.

ఈసారి రోబోల గుండెల మీద అంకెలున్నాయి. నేను ఆలోచించకుండా నూట ఎనభై ఎంచాను.

"సిన్న అంకె తీసుకున్నావేటి బావా?"

"అదే పెద్దది. పౌను బరువుకు నూట ఎనభై పలుకులే తూగితే పెద్ద పప్పు, మూడొందల ఇరవై తూగితే సిన్న పప్పు." గ్రేడింగులో కొత్తవాళ్లకు చెప్పే గొంతుతోనే చెప్పాను.

ఆట మొదలైంది. మా నూట ఎనభై ఎదుటి రోబో మోకాలి దాకా కూడా రాలేదు.

"రోబోని ఎంచమంటే పప్పు ఏరతన్నాడ్రా!" అన్నాడు వచ్చినవాళ్లలో ఒకడు. షాపంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు. అంతవరకు ఓర్చుకున్నాను.

అన్నిటికన్నా పెద్ద అంకెదాన్ని ఎంచాం. మాదీ ఎదుటిదీ చూడ్డానికి కొండలు, ఎగరడం మాత్రం మిడతల్లా. అడుగు పడితే చప్పుడే లేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందే లేదు. నేను "ఇప్పుడు" అనేసరికి అయిపోయేది. మళ్లీ అన్నాను, మళ్లీ ఆలస్యమే. తర్వాత నోరు తెరవలేదు. బావ ఉన్న బటన్లన్నీ టకటకా నొక్కేశాడు.

"గెలిసేసినామేటి?" అన్నాడు తెరవైపు చూస్తూ. ఆ గొంతులో సంతోషం లేదు.

బస్సు దగ్గర రెండోవాడు అడిగాడు: "మీ బావ లెక్కంటే ఇదేనేటి?"

"ఆట బాగానే ఉందిరా. నాకే సేతకాలేదు," అన్నాడు బావ. గెలిచిన మనిషి ఆ మాట అంటుంటే ఎక్కడ చూడాలో తెలియలేదు నాకు. ఆట చెత్తదని చెబుదామనుకున్నాను. చెబితే నూట ఎనభైని కప్పిపుచ్చుకుంటున్నట్టుంటుందని ఊరుకున్నాను.

తర్వాతిసారి ఒక్కడే వచ్చాడు. "పాతదే పెట్టించు. నువ్వు సెప్పు, నేను నొక్కుతాను."

ఇనుప మనిషి మళ్లీ అదే బరువుతో నడిచాడు. సందు నాకు తెలుసు. బావకీ తెలుసు, ఎన్నోసార్లు నొక్కిన చెయ్యి అది. కానీ మాట నా గొంతులోంచి సమయానికి రాలేదు. ఆయన వేలు బటన్ మీదే పెట్టుకుని నా మాట కోసం ఆగాడు. దెబ్బ పడి మా రోబో కూలిపోయేదాకా ఆగాడు.