క్లోజప్ కొట్టేసిన డీజిల్ పైపు

ఈ రోజు ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ మధ్యలో నా జనరేటర్ వ్యాన్ ఆపేయాల్సొచ్చింది. పంపు నుంచి ఇంజెక్టర్‌కి డీజిల్ వెళ్ళే సన్నటి ఉక్కు పైపు చిట్లింది. టోలిచౌకి మెకానిక్ యాదగిరన్నకి ఫోన్ చేశాను.

ఆయన వచ్చేలోపే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ శ్రీను రాగి గొట్టం వంచి, వెండి రంగేసి, అచ్చం అలాంటి పైపే తెచ్చాడు. అసలుదానికన్నా అందంగా ఉంది! మురిసిపోయి బిగించబోతుంటే యాదగిరన్న బండి దిగి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందన్నా గిది? చూడనీకి మస్తుగుంది గని, గా ప్రెషర్‌కు ఆగదు. వేడి ఇంజన్ మీద డీజిల్ చిమ్మితే వ్యాన్ అంటుకుంటది. ఉక్కుదే కావాలె. గంతే పొడుగు, గదే రంధ్రం."

తనే బండి మీద పోయి సరైన పైపు తెచ్చి బిగించాడు. లైట్లు వెలగగానే యూనిట్ అంతా చప్పట్లు!

శ్రీను మొహం మాత్రం చిన్నబోయింది. ఇంతలో డైరెక్టర్‌గారు ఆ రాగి పైపు చూసి ముచ్చటపడి, కథలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి మెకానిక్ అయిన మా హీరో చేతిలో పెట్టించారు.

అసలు పైపు వ్యాన్‌లో కష్టపడుతుంటే నకిలీదానికి క్లోజప్ పడింది. మన ఫిల్మ్‌నగర్‌కి ఇదేమన్నా కొత్తా, మీరే చెప్పండి!