సన్న తీగల గిటారు

గుంటూరులో ఎముకల డాక్టర్ నా ఎడమ చేతి ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఇంక గిటార్ వాయించకండమ్మా" అన్నాడు. పచ్చళ్ళు తగ్గించండి అన్నంత మామూలుగా అన్నాడు. నడివేలు కీలు అరిగిపోయిందట. ఉంగరపు వేలు కూడా అదే దారిలో ఉందట. లావు తీగల్ని ఇన్నేళ్ళుగా అదిమి అదిమి ఈ చేటు నేనే తెచ్చుకున్నానట. ఇలాగే సాగితే జడ వేసుకోవడానికి కూడా వేళ్ళు వంగవన్నాడు.

"ఎన్నాళ్ళు మానాలండీ?" అని అడిగాను.

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, "మానెయ్యడమేనమ్మా" అన్నాడు.

నరసరావుపేట బస్సులో కూర్చున్నాక గానీ ఆ మాట నాకు పూర్తిగా ఎక్కలేదు. పక్క సీటావిడ వక్కపొడి ఇవ్వబోతే చెయ్యి చాపడం కూడా మర్చిపోయాను.

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఊళ్ళో మాత్రం నన్ను గిటార్ టీచరమ్మ అనే అంటారు. గిటార్ నాకు నాన్న నేర్పాడు. ఆయన మిషన్ హాస్టల్ వార్డెన్. మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే, ఇంటి దగ్గర్నుంచి సమాధుల తోట దాకా శవపెట్టె ముందు గిటార్ వాయిస్తూ ఒకరు నడవాలి. వెనక జనం పాడుతూ వస్తారు. నాన్నకు వయసు మీద పడ్డాక ఆ పని నాకు వచ్చింది. అది కూర్చుని వాయించే పాట లాంటిది కాదు. రోడ్డు మీద మిరపకాయల లారీలు, ఆర్టీసీ బస్సుల హారన్లు, రైలు గేటు దగ్గర గంట. వీటన్నిటి మధ్య తీగ వినపడాలంటే మోదాలి. నేను మోదేదాన్ని. వేలి చివరలు కాయలు కాచి గోళ్ళలా తయారయ్యాయి.

నాన్న పోయినప్పుడు కూడా నేనే వాయించాను. మరొకరు వాయిస్తామన్నా ఒప్పుకోలేదు. ఇంటి దగ్గర్నుంచి తోట దాకా ఒక్క తప్పు పడలేదు, ఒక్క చుక్క కన్నీళ్ళు రాలలేదు. "ఎంత నిబ్బరమమ్మా నీది!" అని ఊరంతా మెచ్చుకుంది. ఆ మాట తల్చుకుంటే నాకు చానా రోజులు గర్వంగా ఉండేది. ఉన్నమాట చెప్తున్నాను, మొన్నమొన్నటి దాకా ఉంది.

ఆ సాయంత్రమే, తోట దగ్గరే, అమ్మ అందరూ వింటుండగా అంది: "రేపు నేను పోయినా నా ముందు నా కూతురే వాయించాలి."

అప్పట్నుంచీ అది మా ఇంట్లో శాసనం. అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. మాచర్ల వైపు మనిషి, మాటకు ముందూ వెనకా చూసుకోదు. తన చావుకు కావలసినవన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది. తెల్ల చీర ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. పాట ఏదో ఎప్పుడో చెప్పేసింది. వచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వాలా, టీ ఇవ్వాలా కూడా తేల్చేసింది. టీయే. తక్కినదల్లా నా గిటారు.

బస్సు దిగి ఇంటికొచ్చి డాక్టర్ మాట చెప్పాను. అమ్మ నా వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పాపం నొప్పా అని అడుగుతుందనుకున్నాను.

"అయితే నా ముందు ఎవరు వాయిస్తారే?" అంది.

ఒళ్ళు మండిపోయింది. లోపలికి వెళ్ళి తలుపు ధడాలున వేసుకున్నాను. తలుపు అవతల్నుంచి, "కోపం ఎందుకే, అడిగినదానికి చెప్పు" అని అంటూనే ఉంది.

దారి చూపించింది నా పాత శిష్యుడు. పదో తరగతిలో నా దగ్గర సైన్సు, ఆదివారాలు గిటారు నేర్చుకున్నవాడు. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మా చర్చిలో లీడ్ గిటార్ అతనిదే. లీడ్ గిటార్ అంటే కరెంటుది. ఆ కరెంటు గిటారంటే నాకు ఏనాడూ పడేది కాదు. గిటారు లోపల బోలుగా ఉండాలి, చెక్క మోగాలి, అదీ సంగీతం. పలకలాంటి చెక్కకు వైరు తగిలించి స్పీకరు డబ్బాలోంచి అరిపిస్తే అదేం వాయిద్యం అని అతని మొహం మీదే చాలాసార్లు అన్నాను. అవన్నీ మనసులో పెట్టుకోకుండా తన పాత గిటారు, దాని డబ్బా తెచ్చి, గిటారు నా ఒళ్ళో పెట్టాడు.

"దీని తీగలు సన్నం మేడమ్. వేలు ఆనిస్తే చాలు, నొక్కక్కర్లేదు. మీ డాక్టర్‌ని అడగండి, దీనికి ఒప్పుకుంటాడు."

ఫోన్ చేసి అడిగాను. రోజూ కాసేపే అయితే సరేనన్నాడు.

ఇన్నేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, నాకిది ఒక లెక్కా అనుకున్నాను. పట్టుకుని నాకు బాగా వచ్చిన పాటే మొదలుపెట్టాను. డబ్బాలోంచి వచ్చిన మోతకు నేనే అదిరిపడ్డాను. ప్రతి స్వరం శ్రుతి తప్పి పైకి పోతోంది. మీటని తీగలు కూడా వాటంతట అవే గీపెడుతున్నాయి. వేలు జరిపితే ఆ జరిపిన చప్పుడు, వేలు ఎత్తితే ఎత్తిన చప్పుడు, అన్నీ వీధిలోకి వినపడుతున్నాయి. నిన్న మొన్న చేరిన పిల్ల కూడా అంత ఘోరంగా వాయించదు. గిటారు పాడైందన్నాను. అతను తీసుకుని అదే పాట వాయించాడు. తేనెలా ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"గిటారు బాగానే ఉంది మేడమ్. మీరు బలంగా నొక్కుతుంటే తీగ సాగిపోతోంది. అందుకే శ్రుతి పైకి పోతోంది. కుడి చెయ్యి కూడా అంత విసురొద్దు. మోత సంగతి డబ్బా చూసుకుంటుంది." భయపడుతూనే అడిగాడు: "ఎవరి మీదండీ ఆ కోపం?"

"నీ మీదే" అన్నాను. అతను నవ్వాడు గానీ నేను నవ్వలేదు.

తర్వాతి రోజుల్లో నాకు తెలిసొచ్చింది, నాకు గట్టిగా వాయించడం తప్ప ఇంకేమీ రాదని. మెల్లగా అంటే ఎంత మెల్లగానో నా చేతికి తెలీదు. గోరుతో పాల మీద మీగడ తీసినట్టు తీగ ముట్టుకోవాలంటాడు. నా చెయ్యేమో రోకలి పట్టినట్టు దిగుతుంది. ఏడుపొచ్చేంత కోపం వచ్చేది గానీ ఏడుపు మాత్రం వచ్చేది కాదు. అది నాకు అలవాటు లేదు.

ఒకరోజు ఇంకో ముచ్చట జరిగింది. మా ఇల్లు నాన్న కట్టించింది. కింద నాపరాళ్ళు, గోడలకు ఆ కాలపు కరెంటు బోర్డులు. డబ్బాకున్న మూడు పిన్నుల ప్లగ్గు ఆ రెండు కన్నాల బోర్డులో దూరదు. శిష్యుడు వచ్చినప్పుడల్లా తగిలించే అడాప్టర్ ఆ రోజు అతని దగ్గరే ఉండిపోయింది. అతను వచ్చేదాకా ఆగలేక, పైనున్న లావు పిన్నును పట్టకారుతో పీకేసి మిగతా రెండూ దూర్చేశాను. అమ్మ అప్పుడే గదంతా తడిగుడ్డ పెట్టించింది. దేవుడి పాట చెప్పులేసుకుని వాయిస్తే అమ్మ ఊరుకోదు. కాబట్టి ఉత్త కాళ్ళు, తడి నాపరాళ్ళు. తీగల మీద చెయ్యి వేశానో లేదో, భుజం దాకా ఝల్లుమంది. గిటారు విసిరేశాను, అదృష్టం కొద్దీ పరుపు మీద పడింది. నేను గోడకు ఆనుకుని గజగజలాడుతూ నిలబడ్డాను.

"ఏమైందే?" అంటూ అమ్మ కర్ర పట్టుకుని వచ్చింది.

"కరెంటు కొట్టిందమ్మా."

అమ్మ నన్ను కిందా మీదా చూసింది. "నాకంటే ముందు నువ్వు పోతావేందే! వరసలో రా" అంది.

ఎర్త్ పిన్ను ఎందుకుంటుందో ఏటా పదో తరగతికి బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని నేను! ఈ సంగతి మా బళ్ళో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి పెరట్లో గుంట తీయించి, ఉప్పూ బొగ్గులూ పోయించి, ఎర్త్ వేయించాను. బోర్డు కూడా మార్పించాను.

అప్పుడు పుట్టిన భయమే నాకు మేలు చేసింది. ఆ తర్వాత తీగను ముట్టుకోవాలంటే చెయ్యి తనంతట తనే తగ్గేది. మెల్లగా ముట్టుకునేదాన్ని. మెల్లగా ముట్టుకుంటే స్వరం నిలబడింది. నా పాత గిటారులో మోదిన స్వరం మోదగానే పోయేది. ఇందులో వేలు కదపకుండా ఉంటే చాలాసేపు ఉంటుంది. ఒక స్వరాన్ని అంతసేపు వినడం నాకు కొత్త. ఏదో ఇబ్బందిగా ఉండేది, ఎందుకో తెలిసేది కాదు.

ఊరేగింపులో కరెంటు ఎక్కడ్నుంచి వస్తుందని అమ్మకు కొత్త బెంగ పట్టుకుంది. శిష్యుడు బ్యాటరీతో నడిచే చిన్న డబ్బా తెచ్చి, దానికి పట్టీ కట్టి నా భుజానికి తగిలించాడు. పాట చేతికి వచ్చిందనుకున్న ఒక ఆదివారం, చర్చి నుంచి రాగానే అమ్మ అంది: "ఏదీ, వాయించు, వింటా. చచ్చినాక నాకేం ఇనబడిద్ది?"

కుర్చీ వేస్తే కూర్చోనంది. "కూర్చుంటే ఎట్టా తెలిసిద్ది? నువ్వు ముందు నడువు. నేను ఎనక వస్తా. రైలు గేటు దాకా పోదాం."

నేను వరండాలో మొదలుపెట్టి వాకిట్లోకి దిగాను. వెనక అమ్మ కర్ర టకటకలాడిస్తూ వస్తోంది. ఎదురింటి కిరాణా కొట్టు ఆవిడ చింతపండు తూకం వేస్తూ మమ్మల్ని చూసింది.

"ఏంది పెద్దమ్మా, ఏం పండగ ఇయ్యాల?"

"నా సావుకి రిహార్సలమ్మా" అంది అమ్మ, గట్టిగా, హాయిగా.

ఆవిడ చేతిలో తూకంరాయి జారి పళ్ళెంలో పడింది. అమ్మ కిసుక్కున నవ్వింది. నేను ఆగకుండా నడిచాను.

రెండో చరణానికి వచ్చాను. నాన్నతో వెళ్ళిన రోజు ఇదే చరణం రైలు గేటు దగ్గర పడింది. లారీలు ఆగి ఉన్నాయి, గంట మోగుతోంది. అన్నిటినీ మించి వినపడాలని ఆ రోజు తీగలు తెగేలా మోదాను. ఇప్పుడు మోదడానికేం లేదు. వీధి నిశ్శబ్దంగా ఉంది. వేలు ఆనించాను. స్వరం వచ్చింది. పోలేదు. నా భుజం దగ్గరే ఉండిపోయింది. వెనక అమ్మ కర్ర చప్పుడు. ఒకరోజు ఈ పాట ఉంటుంది, ఆ చప్పుడు ఉండదు అనిపించింది. చెయ్యి ఆగిపోయింది. నడివీధిలో, పట్టపగలు, భోరుమని ఏడ్చాను. నాకే నమ్మకం కలగలేదు. ఆ గొంతు నాదేనా అనుకున్నాను.

కర్ర చప్పుడు ఆగింది. అమ్మ నన్ను దాటి ముందుకొచ్చి, నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసింది. ఆమె అంతగా బిత్తరపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నీకు ఏడుపు వచ్చిద్దా?" అంది.

నేను తల ఊపాను.

"మీ నాయన పెట్టె ముందు నీ పక్కనే నడుస్తా దారంతా నీ మొహమే చూశానే. సుక్క నీళ్ళు లేవు. ఊరంతా నిన్ను మెచ్చుకుంటంటే, నేను మాత్రం దీనికి నాయనంటే ఇంతేనా అనుకున్నా. నేను పోయినా ఇంతేగా అనుకున్నా. అడగలేక ఊరుకున్నా."

ఇన్నేళ్ళుగా నేను గర్వపడిన రోజు అది. అదే రోజును అమ్మ ఇన్నేళ్ళూ ఇలా దాచుకుని నాతోపాటు ఒకే ఇంట్లో ఉంది, ఒకే కంచంలో తింది, నా మీద జోకులేసింది.

"మరి నీ ముందు నేనే వాయించాలని అందరికీ ఎందుకు చెప్పావమ్మా?"

అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. గట్టిగా తుడిచింది, చిన్నపిల్లకు తుడిచినట్టు.

"వాయించేదానివి మధ్యలో వదిలేసి పోలేవు గదా. తోట దాకా నాతో వస్తావు గదా" అంది.

ఎదురు కొట్టావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. అమ్మ ఆవిడ వంక ఒకసారి చూసి, కర్ర సర్దుకుని, మళ్ళీ నా వెనక్కి వెళ్ళి నిలబడింది.

"పద. మళ్ళీ మొదట్నించీ వాయించు. ఏడుపొస్తే ఏడువు. తప్పులు పడితే పడనీ. ఆగబాక."

నేను గేటు వైపు తిరిగాను. వెనక కర్ర చప్పుడు మొదలైంది. మొదటి వరసలోనే తప్పు పడింది. ఆగలేదు.