మా ఇల్లు ఎన్ని ఎలక్షన్ల ఎత్తు

ప్రొద్దుటూరులో మా వీధిలో ఎవరైనా కొత్త ఇల్లు మొదలుపెడితే మేస్త్రీ అడిగే మొదటి మాట, "పునాది ఎన్ని ఎలక్షన్లకు సరిపోవాలప్పా?" అని. అడుగులు, అంగుళాలు ఆ తర్వాత.

ఎందుకంటే ప్రతి ఎలక్షన్ ముందర మా వీధికి ఒక కొత్త సిమెంటు రోడ్డు వస్తుంది. పాత రోడ్డును ఎవరూ తవ్వరు. దాని మీదనే ఇంకొకటి పోస్తారు, దోసె మీద దోసె పేర్చినట్టు. మా నాయన వాళ్ల నాయన ఈ ఇల్లు కట్టించినప్పుడు వీధిలోంచి గడపకు ఐదు మెట్లుండేవట. నేను పుట్టేనాటికి మూడు. కాలేజీకి పోయేనాటికి ఒకటి. ఇప్పుడు రోడ్డూ గడపా సరిసమానం. మెట్లు యాడికీ పోలేదు, రోడ్డు కింద భద్రంగా ఉన్నాయి. వాన పడితే నీళ్లు చెప్పులు గూడా విడవకుండా నేరుగా ముందర గదిలోకి వచ్చి కూర్చుంటాయి.

ఎదురింటి చాచా మాత్రం తెలివైనోడు. ఇరవై ఏండ్లు కువైట్‌లో పన్జేసి, ఆ దుడ్లతో వచ్చి, గడప నా భుజం ఎత్తులో పెట్టి ఇల్లు కట్టినాడు. ఎనిమిది మెట్లు. పైమెట్టు మీద కూర్చొని టీ తాగుతా, "ఐదు ఎలక్షన్ల దాకా నాకు ఫికర్ లేదు బేటా" అంటాడు.

పోయిన ఏడు మా అక్క పులివెందుల నుంచి పురిటికి వచ్చింది. తొలికాన్పు. నెలలు నిండేది సరిగ్గా కార్తీకం వానల్లో. ఇంట్లో ఉయ్యాల కట్టడానికి దూలం ఉండేది ముందర గదిలో ఒక్కచోటే. అక్క సంచి కింద పెట్టకముందే గడప చూసింది, రోడ్డు చూసింది, కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇంకొక రోడ్డు పడితే నా బిడ్డకు ఉయ్యాల ఎందుకు? పడవ తెండి."

ఆ వారంలోనే ఇంకొక రోడ్డు శాంక్షనయింది.

ఆదివారం పొద్దున కౌన్సిలర్ మామ జమ్మలమడుగు కాంట్రాక్టర్‌ను వెంటబెట్టుకొని వచ్చినాడు. కౌన్సిలర్ మాకు చుట్టమేం కాదు, వీధి మొత్తానికి మామ. జనం గుమిగూడినారు. నడుము నొప్పని అక్క ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకొని రోడ్డు నడుమ కూర్చుంది. దాన్ని ధర్నా అనుకొని ఇద్దరు వీడియో తీసినారు.

"మామా, దీని మీద ఇంకొకటి పోస్తే నీళ్లు మా నడిమింట్లోకి వస్తాయి. పాతవన్నీ తవ్వి తీసి, మొదటి ఎత్తుకే పోయించు" అనింది అక్క.

"తవ్వాలంటే నలభై దినాలు పడతాదిమ్మా. పైన పోస్తే నాలుగు దినాలు. నడుమ ఎలక్షన్ కోడ్ వస్తాది, పని ఆడికాడికి ఆగిపోతాది. వీధిని గుంటజేసి పెట్టి ఓటడిగితే నాకు ఓటేస్తారా, దుమ్మెత్తి పోస్తారా?"

మా నాయన ముందుకొచ్చినాడు. ఆయనకు ఇట్లాంటి అవకాశాలు అరుదు. "నా శవం మీద పోయండి రోడ్డు! ఈడనే అడ్డంగా పండుకుంటా!"

"పండుకోవాకు నాయనా, నీ మీద గూడా ఒక లేయర్ ఏసి పోతారు" అన్నాన్నేను. కాంట్రాక్టర్ అది ఆలోచించదగిన విషయమే అన్నట్టు చూసినాడు.

అప్పుడు మామ జేబులోంచి ఒక కాగితం తీసినాడు. మా వీధి ఇచ్చిన అర్జీ. "'గుంతలమయమైన మా వీధికి తక్షణమే నూతన రహదారి వేయించ ప్రార్థన.' తక్షణమే అని రెండుసార్లు రాసినారు. కింద గీత గూడా గీసినారు. ఎవరి చేతిరాతప్పా ఇది? శానా బాగుండాది."

చేతిరాత నాది. నాలుగు నెలల కింద గుంతల్లో నా బండి సైలెన్సర్ ఊడిపోతే, ఆ కోపంలో రాసి, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించినాను. ఒక్కరు గూడా కాదనలేదు. మా వీధి చరిత్రలో అంత ఐకమత్యం అదే మొదలు.

అక్క నా పక్క తిరిగింది. "నీ సైలెన్సర్ కోసరం నా బిడ్డను ముంచుతావా రా?"

"అప్పటికి నీ బిడ్డ లేదు గదక్కా."

"ఉండాది. మూడో నెల. నీకు చెప్పలా, అంతే."

 

జనంలోంచి ఎవరో, "ముందు ఈ రోడ్డు పడనీండి, తవ్వేది వచ్చేసారి చూస్తాం" అన్నారు. తలకాయలన్నీ ఊగినాయి. వచ్చేసారి అనే మాట మా వీధిలో సిమెంటు కంటే గట్టిది.

"వచ్చేసారికి నా బిడ్డ ఈ నీళ్లల్లోనే బడికి పోతాంటాది. దానికి ఓటు లేదనే గదా మామా?"

మామ కండువాతో మొగం తుడుచుకున్నాడు. "ఏమ్మా, ఓటున్నోళ్లకే సమాధానం చెప్పలేక సస్తాండా, లేనోళ్లకు గూడా చెప్పాల్నా? మీరు నాకు ఇచ్చిండేది ఐదేండ్లు. అందులో ఒకేడు సన్మానాలకే పాయ. యాభై ఏండ్ల పని జెయ్యమంటే ఎట్ల?"

అందరూ నవ్వినారు. అక్క గూడా నవ్వింది, కానీ కుర్చీలోంచి లేయలేదు.

అప్పుడు అందరి చూపూ పైకి, చాచా మెట్ల మీదికి పోయింది. ఆయన మాటంటే వీధిలో విలువ. తవ్వితే అందరికంటే నష్టమూ ఆయనకే. ఎనిమిది మెట్లు కాస్తా పదమూడవుతాయి.

చాచా టీ గ్లాసు కింద పెట్టినాడు. "ఇప్పుడే నా మోకాళ్లు అరుస్తాండాయి. తవ్వితే నా ఇంటికి నిచ్చెన గావాల." మోకాలు ఒకసారి రుద్దుకున్నాడు. "కానీ నాకు ముగ్గురు కొడుకులు. ఈ ఇల్లు వచ్చేది ఒకడికి. మిగతా ఇద్దరూ ఈ వీధిలోనే యాడో చీప్‌గా దొరికితే కొంటారు. చీప్‌గా దొరికేది మునిగే ఇల్లే గదా. ఐదు ఎలక్షన్లు లెక్కేసుకున్నా గానీ, ముగ్గుర్ని లెక్కేయలా నేను. తవ్వండప్పా."

మా నాయన కండ్లు తుడుచుకొని "త్యాగమూర్తి" అనబోయినాడు. అంతలోకే చాచా, కొత్తగా కట్టే ఐదు మెట్లూ కాంట్రాక్టరే కట్టియ్యాలని, నాపరాయి గూడా పరచాలని బేరం మొదలుపెట్టినాడు. చేతులెత్తమంటే సగానికి పైగా లేచినాయి. మిగతావి చాచా చూస్తాండాడని లేచినాయి. లేచిన చేతులను ఓట్లుగా లెక్కేసుకొని మామ గూడా సరే అన్నాడు.

తవ్వుతాంటే కాంట్రాక్టర్ ఒక్కొక్క పొర చూపించి వివరంగా చెప్పినాడు. "ఇది సగం జానెడు మందముండాది చూడు, గట్టి పోటీ ఎలక్షన్. ఈ పల్చటిది ఏకగ్రీవం." అడుగున పాత కాలువ గూడా బయటపడింది. దాన్ని శుభ్రంజేసి, కంకర పరిచి, ఇంక సిమెంటు పోయాల అనేలోపల కోడ్ వచ్చింది. మామ చెప్పినట్టే పని ఆడికాడికి ఆగిపోయింది. ఇంటింటికీ చెక్కపలకలు వేసుకున్నాం. ప్రచారానికి వచ్చిన అభ్యర్థులు దండాలు పెట్టడానికి చేతులు విడవలేక, పలకల పక్కన కట్టిన తాడు పట్టుకొని తలకాయలు మాత్రం ఊపిపోయినారు.

అట్లాంటి ఒక పొద్దున పది గంటలకు అక్కకు నొప్పులొచ్చినాయి. ఆటో వీధి మొదట్లోనే ఆగిపోయింది. అదే ప్లాస్టిక్ కుర్చీలో అక్కను కూర్చోబెట్టి నేను, నాయన, చాచా వాళ్ల పెద్దకొడుకు తలా ఒక కాలు పట్టుకున్నాం. నాలుగో కాలికి మనిషి లేక చూస్తాంటే, ప్రచారంలో ఉన్న కౌన్సిలర్ మామ వచ్చి పట్టుకున్నాడు. వెనక ఆయన మనిషి ఫోన్ పైకెత్తినాడు.

"ఫోటో దిగినావంటే ఆ ఫోన్ నీతో మింగిస్తా!" అని అరిచి, అక్క నా పక్క తిరిగింది. "ఆ దిక్కుమాలిన రోడ్డు పోసింటే ఆటో గడప దాకా వచ్చుండు గదరా!"

"తవ్వమనింది నువ్వే గదక్కా!"

"అందుకే తిడతాండా! నన్ను నేను తిట్టుకోలేను గదా!"

ఆస్పత్రిలో మధ్యాహ్నానికి ఆడబిడ్డ పుట్టింది. తల్లీబిడ్డ క్షేమం. నాలుగో దినం ఇంటికి తెచ్చి ముందర గదిలో ఉయ్యాల కట్టినాం.

ఆ మరుసటి దినం పట్టపగలే వాన పట్టుకుంది. అమ్మ అలవాటుకొద్దీ బియ్యం మూట మంచం మీదికి ఎత్తించింది. నాయన గడప కాడ చీపురు పట్టుకొని సరిహద్దు సిపాయి మాదిరి నిలబడినాడు. నీళ్లు వచ్చినాయి. బయటపడిన ఐదు మెట్లలో అడుగుదాన్ని తడిపి, మనకు పరిచయం లేని చుట్టాల మాదిరి మా వంక గూడా చూడకుండా కాలువలోకి పోయినాయి. గంటసేపు నిలబడి, చీపురుతో ఏం జేయాలో తెలీక, నాయన పొడి గదినే ఒకసారి ఊడ్చినాడు. బిడ్డ దేనికీ లేయలేదు.

సాయంత్రం మామ ఫోన్ చేసినాడు. ఓట్లకు ఇంకా ఆరు దినాలుండాయి.

"నీళ్లొచ్చినాయాప్పా ఇంట్లోకి?"

"రాలేదు మామా."

"అయితే స్టేటస్ పెట్టు, పదిమందికీ తెలియాల."

"ఏం పెట్టాల మామా? రాని నీళ్లను ఫోటో ఎట్ల దిగేది?"

 పాపం ఆయన కష్టమంతా నాకు అప్పుడు అర్థమయింది. వచ్చిన రోడ్డుకు రిబ్బన్ కట్టొచ్చు, రాని నీళ్లకు యాడ కట్టేది?

ఆయన కుర్చీ కాలు మోసినాడనే గౌరవంతో ముందర గది ఫోటో ఒకటి దిగి పెట్టినాను. నాలుగు గోడలు, పొడి నేల, చుక్క నీళ్లు లేవు. రెండు నిమిషాల్లో మొదటి మెసేజ్ వచ్చింది. "గది బాగుండాదప్పా, బాడుగ ఎంత?"